ఓర్చుకోమనడం జవాబు కాదు

కొన్నాళ్లు ఓర్చుకుంటే కలకాలం సుఖపడతాం అన్న మాట మెట్రో రైలు విషయంలో మన దగ్గర బాగా పాతుకుపోయింది. 2012లో హైదరాబాద్ రోడ్ల నడుమ ఇనుప రేకులు లేచినప్పటి నుంచి అధికారులు ఇదే చెప్పారు, పత్రికలూ ఇదే రాశాయి, ట్రాఫిక్‌లో ఇరుక్కున్న బస్సులో పక్క సీటు మనిషి కూడా నిట్టూర్చి ఇదే అన్నాడు. పెద్ద పని జరిగేటప్పుడు ఇబ్బంది తప్పదట, అది అందరికీ సమానమట, దాన్ని ప్రశ్నించేవాళ్లు అభివృద్ధికి అడ్డుపడుతున్నట్టట. మూడు మాటలూ తప్పే. మెట్రో రెండో దశలో ఎల్బీ నగర్ నుంచి హయత్‌నగర్ దాకా 7.1 కిలోమీటర్ల మార్గం ప్రతిపాదనలో ఉంది కాబట్టి, ఆ తప్పుల లెక్క ఇప్పుడే తేల్చుకోవాలి. రేకులు పాతాక మాట్లాడితే వినే నాథుడుండడు.

నల్లగొండ జిల్లా దామరచర్లలో కూర్చున్నవాళ్లకు పట్నం మెట్రోతో ఏం పని అని అడగొచ్చు. మా దగ్గర బస్సెక్కితే మిర్యాలగూడ, వేములపల్లి, నల్లగొండ దాటి నార్కట్‌పల్లిలో విజయవాడ హైవే ఎక్కుతాం. సూర్యాపేట, కోదాడ వాళ్లూ ఆ హైవే మీదే వస్తారు. అక్కడి నుంచి చిట్యాల, పంతంగి టోల్‌గేటు, చౌటుప్పల్, అబ్దుల్లాపూర్‌మెట్, హయత్‌నగర్, ఎల్బీ నగర్, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, చాదర్‌ఘాట్, ఆఖరికి ఇమ్లీబన్ బస్టాండు (ఎంజీబీఎస్). ఈ పట్టణాల చుట్టుపక్కల ఊళ్ల బస్సులన్నిటికీ పట్నంలోకి దారి ఇదే. మెట్రో మొదటి కారిడార్ మియాపూర్ నుంచి వచ్చి సరిగ్గా ఈ దారి మీద, ఎల్బీ నగర్‌లో ఆగింది. రెండో దశ అక్కడి నుంచి ఇంకా మా వైపు వస్తుంది.

మేం పట్నం పోయేది షికారుకు కాదు. గుండెకో కిడ్నీకో అయితే పంజాగుట్ట నిమ్స్‌కు, క్యాన్సర్ అయితే రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జేకు, పసిబిడ్డకు ప్రాణం మీదికొస్తే నీలోఫర్‌కు, ఇంకేదైనా అయితే ఉస్మానియాకో గాంధీకో పోతాం. పిల్లలు గ్రూప్స్ చదువుకు అశోక్‌నగర్, చిక్కడపల్లి చేరతారు, సాఫ్ట్‌వేర్ కోర్సులకు అమీర్‌పేట పోతారు, పోటీ పరీక్షల కోచింగ్‌కు దిల్‌సుఖ్‌నగర్‌లో ఉంటారు. 2021లో కొత్తపేట పండ్ల మార్కెట్‌ను బాటసింగారం తరలించేదాకా నల్లగొండ బత్తాయి ఎక్కిన లారీలు మెట్రో పిల్లర్లు లేచిన రోడ్డుకే చేరేవి. మొదటి దశ మూడు కారిడార్ల పటం తీసి పైన చెప్పిన దవాఖానలూ కోచింగ్ సెంటర్లూ గుర్తుపెట్టి చూడండి. దాదాపు అన్నీ ఆ లైన్ల మీదో, వాటికి నడిచిపోయే దూరంలోనో ఉంటాయి. మెట్రో ఎక్కడ తవ్వితే అక్కడ జిల్లాల నుంచి వచ్చినవాడు ఆగిపోయాడు.

ఇబ్బంది తాత్కాలికమేనన్న వాదన సంగతి ముందు చూద్దాం. నిర్మాణ సంస్థతో ఒప్పందం మీద 2010 సెప్టెంబరులో సంతకాలయ్యాయి. 2012లో పని మొదలైంది, ఐదేళ్లలో పూర్తి కావాలన్నారు. నాగోల్–మియాపూర్ మధ్య రైలు 2017 నవంబరు 28న మొదలైంది. మా దారి మీద, అమీర్‌పేట నుంచి ఎల్బీ నగర్ దాకా, 2018 సెప్టెంబరు 24న. జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా 2020 ఫిబ్రవరి 7న. అంటే ఇంటర్లో చేరిన పిల్లవాడు డిగ్రీ కూడా అయిపోయి ఉద్యోగం వెతుక్కునే వేళకు గాని దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు తెరిపిన పడలేదు. క్యాన్సర్ మందు ఎక్కించుకోవడానికి మూడు వారాలకోసారి వచ్చే రోగికి ఆరేళ్లంటే ఎంత కాలమో, అదెంత తాత్కాలికమో వేరే చెప్పనక్కర్లేదు.

అక్కడితోనైనా ఆగిందా అంటే, లేదు. మెట్రో పని ముగుస్తున్న సమయానికే అదే దారిలో నగరపాలక సంస్థ చింతలకుంట, ఎల్బీ నగర్ చౌరస్తాల దగ్గర అండర్‌పాసులు, ఫ్లైఓవర్లు కట్టడం మొదలుపెట్టింది. ఒకటి తెరవడం, పక్కనే ఇంకొకటి తవ్వడం, ఇలా 2023 దాకా నడిచింది. ఆ వెంటనే ఎల్బీ నగర్ నుంచి మల్కాపూర్ వైపు జాతీయ రహదారి విస్తరణ అందుకుంది. ఇక రెండో దశ మెట్రో వస్తే ఆ రోడ్డు నడిబొడ్డునే మళ్లీ రేకులు లేస్తాయి. ఏ సంస్థకా సంస్థ తన పని మొదలైన రోజు నుంచి లెక్క మొదలుపెడుతుంది. మెట్రోవాళ్లకు ఆరేళ్లు, నగరపాలకులకు ఐదేళ్లు, హైవేవాళ్లకు ఇన్నేళ్లు. ఎవరి కాగితంలో చూసినా తాత్కాలికమే. ఆ రోడ్డు మీద పోయే మనిషి మాత్రం ఒక్కడే, అతని లెక్క పదేళ్లు దాటిపోయింది. ఆ మొత్తం కూడిక వేసే అధికారి ఎవరూ లేరు. ఒక దారి మీద వరసగా నాలుగు పనులు పెడితే, ఆ నాలుగింటినీ కలిపి ప్రయాణికుడికి ఎన్నేళ్ల నష్టమో చెప్పాల్సిన బాధ్యత ఎవరికీ అప్పగించకపోవడమే అసలు లోపం. ఓర్పు గురించి ఉపదేశించేవాళ్లు ముందు ఈ కూడిక వేసి చూపించాలి.

ఆలస్యం ఎందుకయ్యిందో కూడా మర్చిపోకూడదు. బస్సు ప్రయాణికులూ పాదచారులూ పనిని ఆపలేదు. రాష్ట్రం వచ్చాక అసెంబ్లీ ముందు, సుల్తాన్ బజార్‌లో, పాతబస్తీలో మార్గం మార్చాలా వద్దా అన్న తర్జనభర్జన నడిచింది. ఆస్తుల సేకరణ సాగింది. రైల్వే లైన్ల మీద వంతెనలకు అనుమతుల కోసం ఎదురుచూపులయ్యాయి. చివరికి సుల్తాన్ బజార్ మీదుగానే లైను వేశారు. ఎంజీబీఎస్ నుంచి ఫలక్‌నుమా దాకా మొదటి దశలో కట్టాల్సిన ఐదున్నర కిలోమీటర్లు అసలు కట్టనేలేదు. ఆలస్యం వల్ల ఖర్చు పెరిగిందని నిర్మాణ సంస్థ ప్రభుత్వాన్ని వేల కోట్లు అడిగింది. అడిగే హక్కు దానికి ఒప్పందంలో ఉంది. అదే ఆలస్యం వల్ల ఆటోలకు అదనంగా పోసినవాడికి, దవాఖానలో ఓపీ చీటీ వేళ దాటిపోయి రాత్రంతా వరండాలో పడుకున్నవాడికి, రేకుల వెనక గిరాకీ లేక దుకాణం కట్టేసినవాడికి ఒప్పందంలో ఒక్క వాక్యమూ లేదు. నష్టాన్ని రూపాయల్లోకి మార్చి అడగగలిగినవాడి నష్టం ఖర్చు కింద రాశారు, అడగలేనివాడి నష్టానికి ఓర్పు అని పేరు పెట్టారు.

ఇక ఇబ్బంది అందరికీ సమానమే అన్న మాట. ఇది వినడానికి న్యాయంగా ఉంటుంది కాబట్టి దీని మీదే ఎక్కువ మాట్లాడాలి. రోడ్డు మధ్యలో రేకుల వరస పడితే కారున్నవాడు ఏం చేస్తాడు? లోపలి వీధుల్లోంచి తిప్పుకుంటాడు, ఇంటి నుంచి పని చేసుకుంటాడు, లేదంటే ఏసీ వేసుకుని ఇంకో అరగంట కూర్చుంటాడు. అతనికి కాలం పోతుంది, డీజిల్ పోతుంది. నడిచేవాడి సంగతి వేరు. రేకుల వల్ల రెండు పక్కలా మిగిలిన సన్నని దారిని వాహనాలకు సరిపెట్టడానికి మొదట మింగేది ఫుట్‌పాత్‌నే. ఆ తర్వాత తాగునీటి పైపులు, మురుగు లైన్లు, కరెంటు కేబుళ్లు పక్కకు జరపాలి, దానికోసం మిగిలిన ఆ కాస్త అంచునూ తవ్వుతారు. చాదర్‌ఘాట్ నుంచి కోఠి వైపు, దిల్‌సుఖ్‌నగర్ నుంచి మలక్‌పేట వైపు ఆ ఏళ్లలో నడిచినవాళ్లందరికీ, నాకూ, తెలిసిన సంగతే ఇది: ఒక పక్క రేకు, ఇంకో పక్క గుంత, మధ్యలో హారను కొడుతూ వెనక నుంచి వచ్చే బండి. వాన పడితే ఏది గుంతో ఏది రోడ్డో తెలిసేది కాదు. రోడ్డు దాటాలంటే రేకుల్లో సందు దొరికేదాకా నడవాలి. ఎదురుగా కనిపిస్తున్న దుకాణానికి ఆటో మాట్లాడుకోవాల్సి వచ్చేది.

బస్సు మనుషుల కష్టం మరో రకం. స్టాపులు ముందుకూ వెనక్కూ జరుగుతాయి, బస్సులు దారి మళ్లుతాయి. రోజూ తిరిగే నగరవాసి రెండు రోజులు తిప్పలు పడి నేర్చుకుంటాడు. మా తండాల నుంచి నెలకొకసారి వచ్చే లంబాడీ తల్లికి ఎవరు చెప్పాలి? పోయినసారి దిగిన చోట ఈసారి బస్సు ఆగదు. అక్కడ బోర్డు ఉండదు, ఉన్నా చదవడానికి ఆమె బడికి పోయిన మనిషి కాదు. కండక్టరు ఎల్బీ నగర్‌లోనే దించేస్తాడు, అక్కడి నుంచి ఆటో అడిగిందే రేటు. చేతిలో రిపోర్టుల సంచి, వెంట నడవలేని మొగుడు. ఈమె ఇబ్బందీ, కారులో పాట వింటూ కూర్చున్నవాడి ఇబ్బందీ సమానమనడం లెక్కలో మోసం.

వీధి మీద బతికేవాళ్లూ ఉన్నారు. భూమి పోయిన యజమానికి 2013 భూసేకరణ చట్టం పరిహారం ఇస్తుంది, సేకరించిన స్థలం మీదే బతికిన కిరాయిదారుకూ అందులో కొంత చోటుంది. స్థలం పోకుండా దారి మాత్రమే పోయినవాడి మాటేమిటి? దుకాణం అక్కడే ఉంటుంది, కిరాయి నెలనెలా కట్టాలి, గిరాకీ మాత్రం రేకుల అవతల ఉండిపోతుంది. సుల్తాన్ బజార్ వ్యాపారులు ఏళ్లతరబడి ఆందోళన చేస్తే వాళ్లను మొండివాళ్లుగానే చూశారు. మెట్రో వచ్చాక వ్యాపారం పెరుగుతుందన్నారు. పెరిగిన చోట కిరాయీ పెరుగుతుంది, ఆ లాభం గోడల యజమానికి పోతుంది. నష్టకాలమంతా దుకాణం మోసినవాడు అప్పటికి అక్కడ ఉంటాడన్న నమ్మకం లేదు. తోపుడుబండి మనిషికైతే 2014లోనే వీధి వ్యాపారుల చట్టం వచ్చింది, చోటు మార్చాల్సి వస్తే ముందు నోటీసు ఇచ్చి ఇంకో చోటు చూపించాలని అందులో ఉంది. మెట్రో పిల్లర్ కోసం బండి తీయించేటప్పుడు ఆ చట్టం ఎవరికీ గుర్తు రాదు. ఫ్రాన్స్‌లో ట్రాము పనులు మొదలుపెట్టే చాలా నగరాలు దుకాణదారుల నష్టం లెక్కకట్టి డబ్బిచ్చే కమిటీని పనులతోపాటే పెడతాయి. అక్కడ దాన్ని దయగా చూడరు, నిర్మాణ ఖర్చులో భాగంగా చూస్తారు.

వేరే దారి లేదు, పెద్ద పని అంటే ఇంతే అనేవాళ్లు చాలామంది మంచి మనసుతోనే అంటారు. వాళ్ల మనసులో కలకత్తా ఉంటుంది. 1972లో శంకుస్థాపన జరిగి 1984లో మొదటి రైలు నడిచేదాకా ఆ నగరం నడిబొడ్డు గుంతలోనే బతికింది. అక్కడ నేల కింద లైను, పైనుంచి రోడ్డంతా తవ్వి పెట్టెలా కట్టి మళ్లీ కప్పే పద్ధతి. హైదరాబాద్ మొదటి దశ పూర్తిగా నేలకు పైన, పిల్లర్ల మీద కట్టింది. ఈ తేడా చిన్నది కాదు. పునాది, పిల్లర్, దాని మీద టోపీ, ఈ మూడింటికే కింది రోడ్డుతో ఎక్కువ పని. పైన రైలు నడిచే దిమ్మెలను ఉప్పల్, కుత్బుల్లాపూర్ యార్డుల్లో ముందే పోతపోసి, రాత్రిళ్లు ట్రెయిలర్ల మీద తెచ్చి, పైనుంచే గర్డరుతో ఒక్కొక్కటీ జత చేశారు. నగరం ఆగకూడదనే అంత ఖర్చు పెట్టి ఆ పద్ధతి ఎంచుకున్నారు. మరి పిల్లర్ లేచి నెలలు గడిచినా దాని చుట్టూ రేకులు అంతే వెడల్పున ఎందుకున్నాయి? లోపల ఇనుప చువ్వలు, ఇసుక కుప్పలు, నిలిపి ఉంచిన యంత్రాలు. కిరాయి లేని గోదాముగా రోడ్డు పనికొచ్చింది. దీనికి ఇంజనీరింగ్ శాస్త్రంలో అవసరమేమీ లేదు. రోడ్డు ఆక్రమించడం ఉచితం కాబట్టే అలా జరిగింది.

దాన్ని ఉచితం కాకుండా చేయొచ్చు. లండన్‌లో 2012 నుంచి ఒక పద్ధతి నడుస్తోంది. రద్దీ రోడ్లను రద్దీ వేళల్లో తవ్వి పెట్టుకునే సంస్థలు రోజుకింత అని అద్దె కట్టాలి, చోటును బట్టి అది రోజుకు 2,500 పౌండ్ల దాకా ఉంటుంది. రాత్రి చేస్తే, రద్దీ లేని వేళ చేస్తే మాఫీ. వచ్చిన డబ్బును మళ్లీ ఇలాంటి ఇబ్బందులు తగ్గించడానికే వాడాలని మొదట్లో నిబంధన పెట్టారు. మన రేకులు లేచిన ఏడాదే అక్కడ ఆ అద్దె మొదలైందన్నది గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి. ఇక్కడ ఓర్పును అడిగిన చోట అక్కడ కిరాయి అడిగారు. విదేశాల మాట పక్కన పెట్టినా, మన ఇండియన్ రోడ్స్ కాంగ్రెసే పనులు జరిగే చోట రాకపోకలు ఎలా నడపాలో ఎస్‌పీ 55 పేరుతో 2001లో పుస్తకం వేసింది, 2014లో సవరించింది. ఎంత దూరం ముందు హెచ్చరిక బోర్డు పెట్టాలి, రాత్రి ఎలా కనపడాలి, పాదచారులను ఎటు పంపాలి, అన్నీ అందులో ఉన్నాయి. ఢిల్లీలో మెట్రో కట్టినవాళ్లు యార్డు నుంచి బయటికొచ్చే లారీల చక్రాలు కడిగించి పంపారు, రేకుల వెంట ట్రాఫిక్ మార్షళ్లను నిలబెట్టారు. ఇదేదీ మనకు చేతకాని పని కాదు. పాదచారికి ఫుట్‌పాత్ మీద ఉన్న హక్కు రాజ్యాంగం 21వ అధికరణం కింది జీవించే హక్కులో భాగమని సుప్రీంకోర్టు 2025 మేలో చెప్పింది. పని జరుగుతున్నంత కాలం ఆ హక్కును పక్కన పెట్టుకోవచ్చని ఎక్కడా లేదు.

ఇప్పుడు కష్టపడినవాళ్లే రేపు సుఖపడతారన్నది ఇంకో ఓదార్పు. మెట్రో మొదలైన రోజు టికెట్ పది నుంచి అరవై రూపాయలు. 2025 మేలో 12 నుంచి 75 చేసి, గొడవయ్యాక పది శాతం తగ్గించి 11 నుంచి 69 దగ్గర నిలిపారు. రాష్ట్రంలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో, సిటీ బస్సుల్లో ప్రయాణం ఉచితం. కూలికో, ఇళ్లలో పనికో, దవాఖానకో పోయే మహిళ ఉచిత బస్సు వదిలి అరవై రూపాయల రైలెక్కదు, ఎక్కమని ఎవరూ అనకూడదు కూడా. ఆమె రోజులు రోడ్డు మీదే గడుస్తాయి. అంటే రెండో దశ పనులు సాగినన్నాళ్లూ రేకుల పక్కన ఇరుక్కునేది ఆమె ఎక్కిన బస్సే. పని పూర్తయ్యాక పైన చల్లగా వెళ్లేవాళ్లలో ఆమె ఉండకపోవచ్చు. కష్టపడేవాళ్లు ఒకరు, సుఖపడేవాళ్లు ఇంకొకరు అయినప్పుడు, ఆ ఇద్దరినీ ఒకే మనిషిగా చూపించి ఓర్చుకోమనడం అన్యాయం.

ఇంత చెబితే, నువ్వు మెట్రో వద్దంటున్నావా అంటారు. వద్దనడం లేదు. హయత్‌నగర్ దాకా రైలు రావాలని మాకంటే గట్టిగా కోరుకునేవాళ్లుండరు. జిల్లా బస్సు హయత్‌నగర్‌లో దిగి రైలెక్కితే నిమ్స్‌కు పోవడానికి చౌరస్తాలన్నీ ఈదాల్సిన పనిలేదు. సంక్రాంతి ముందు రోజుల్లో పంతంగి దగ్గర నుంచి వరసగా నిలిచిపోయే బండ్లను చూసిన ఎవరైనా ఆ రైలు కావాలనే అంటారు. కావాలి కాబట్టే ఎలా కట్టాలో అడుగుతున్నాం. ప్రశ్నించినవాణ్ణి అభివృద్ధికి శత్రువని ముద్ర వేయడం మా మండలానికి కొత్త కాదు. 2015లో వీర్లపాలెం దగ్గర యాదాద్రి థర్మల్ కేంద్రానికి పునాదిరాయి పడింది. నాలుగు వేల మెగావాట్ల కరెంటు కోసం వేల ఎకరాల అడవి పోయింది. రాష్ట్రానికి వెలుగు వస్తుంది, ఓర్చుకోండి అన్నారు, ఓర్చుకున్నాం. అయితే ఆ ఓర్పు మీద ఎవరికైనా బాకీ ఉందా, ఉంటే ఎవరు తీర్చాలి అని అడిగినప్పుడు జవాబు రాలేదు. అందుకే ఓర్చుకోమన్న మాట వినగానే మా చెవులు నిక్కబొడుచుకుంటాయి.

రాష్ట్ర ప్రభుత్వం రెండో దశను 76.4 కిలోమీటర్లు, ఐదు కారిడార్లు, 24,269 కోట్ల అంచనాతో 2024 నవంబరులో కేంద్రానికి పంపింది. నాగోల్ నుంచి శంషాబాద్ విమానాశ్రయం, రాయదుర్గం నుంచి కోకాపేట, ఎంజీబీఎస్ నుంచి చాంద్రాయణగుట్ట, మియాపూర్ నుంచి పటాన్‌చెరు, ఎల్బీ నగర్ నుంచి హయత్‌నగర్. టెండరు పత్రంలో పిల్లర్ల లోతు, కాంక్రీటు బలం, రైలు వేగం అన్నీ అంగుళాలతో సహా రాస్తారు. కిందనున్న మనుషుల రాకపోకల గురించి మాత్రం కాంట్రాక్టరు తగిన ఏర్పాట్లు చేయాలి అన్న ఒక్క ముక్కతో సరిపెడితే మళ్లీ పాత కథే నడుస్తుంది. ప్రత్యామ్నాయ ఫుట్‌పాత్ వేసి, దీపాలు పెట్టి, రోడ్డు దాటే చోట్లు గుర్తించాకే మొదటి రేకు పాతాలని ఆ పత్రంలో ఉండాలి. ప్రతి రేకు వరస మీదా తీసేసే తేదీ రాసి ఉండాలి, ఆ తేదీ దాటిన ప్రతి రోజుకూ కాంట్రాక్టరు కిరాయి కట్టాలి. ఇరవై నాలుగు వేల కోట్ల పనిలో దీనికయ్యే ఖర్చు ఎవరి నడుమూ విరవదు. ఎక్కువైనా సరే, అది ప్రాజెక్టు ఖాతాలో కనపడాలి, రోగి జేబులోంచి కాదు.

బస్సుల మాట ఆర్టీసీతో ముందే తేల్చుకోవాలి. హయత్‌నగర్ రోడ్డు మీద స్టాపు ఎక్కడికి జరిగిందో, ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో మిర్యాలగూడ, నల్లగొండ, సూర్యాపేట, కోదాడ బస్టాండ్లలో పెద్ద తెలుగు అక్షరాల్లో కనపడాలి. మైకులో తెలుగుతోపాటు లంబాడీలోనూ చెప్పాలి. దించిన చోటి నుంచి పెద్ద దవాఖానలకు నేరుగా పోయే బస్సులు పనులు జరిగినంత కాలం నడపాలి. మెట్రో, నగరపాలక, హైవే సంస్థలు ఆ ఏడు కిలోమీటర్ల మీద ఏ ఏడాది ఎవరు తవ్వుతారో ఒకే క్యాలెండర్ వేసి జిల్లా పత్రికల్లో అచ్చువేయాలి. పైపులూ కేబుళ్లూ మూడుసార్లు కాక ఒక్కసారే జరపాలి. పాత నల్లగొండ జిల్లా నుంచి గెలిచిన ఎంపీలు, ఎమ్మెల్యేలు తమ ఓటర్లు పట్నంలోకి పోయే దారి ఇదేనని గుర్తుంచుకుని, కేంద్రం అనుమతి వచ్చి టెండర్లు పిలిచే రోజుకు ముందే ఈ షరతులు ఆ పత్రంలోకి ఎక్కించాలి. ఒప్పందం మీద సంతకాలయ్యాక కాంట్రాక్టరును అడగడానికి కాగితమేదీ మన చేతిలో ఉండదు.